గోవింద చెంబులో ఉప్పుడు బియ్యం

పెరటాసి నెల మొదటి శనివారం నామం పెట్టుకుని, గోవింద చెంబు చేతబట్టి, బియ్యం అడగడానికి మా ఊరి వీధిలోకి దిగిన మొదటి ఆడమనిషిని నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. గర్వమే.

మా ఊరు పాకాలకు చంద్రగిరి వైపు నాలుగు మైళ్లు. ప్రతి పెరటాసిలో మా ఇంటి నుంచి తిరుమల కొండకు నడక బయలుదేరుతుంది, పదిహేను ఇరవై మంది. మా మామగారి కాలం నుంచీ ఆ గుంపుకు పెద్ద మా ఇంటి మనిషే. పెద్ద అయినవాడు మొదటి శనివారం ఇంటింటికీ తిరిగి బియ్యం అడిగి తేవాలి. ఆ బియ్యం వండి, అరిటాకు మీద స్వామి ముఖంలాగా పరిచి, కర్పూరం వెలిగించాలి. దాన్నే తళిగ వేయడం అంటాం. ఆ ప్రసాదం నోట్లో పడ్డాకే నడక. మా ఆయన ముప్ఫై ఏళ్లు ఆ చెంబు ఎత్తాడు. పోయిన ఏడాది శ్రావణంలో చిత్తూరు ఆసుపత్రికి పోయినవాడు మరి తిరిగి రాలేదు. ఆ పెరటాసి ఏటి సూతకంలో గడిచిపోయింది. నడక లేదు.

ఈ ఏడు వినాయక చవితి మరునాడు మా మరిది దామోదరం వచ్చాడు. వెంట మునికుమార్‌ను తీసుకొచ్చాడు. ఆ పిల్లవాడికి పాకాలలో టెంపో ఉంది, పెళ్లిళ్లకూ యాత్రలకూ తిప్పుతాడు.

"వదినా, ఈసారి నడక వద్దనుకుంటాండాం," అన్నాడు దామోదరం. "టెంపోలో పోతాం. ఒక్క దినంలో మంగాపురం, తిరుచానూరు, కాళహస్తి మూడూ సూపిస్తాడంట."

"కాలు కింద పెట్టే పనే లేదవ్వా," అన్నాడు మునికుమార్. "ఏసీ ఉండాది. టీవీలో స్వామి పాటలు గూడా ఏస్తాను."

"పెండ్లి చేసుకుని నారాయణవనం నుంచి స్వామి ఏ టెంపోలో వచ్చినాడప్పా?" అన్నాను.

మునికుమార్ నవ్వాడు. దామోదరం నవ్వలేదు.

"ఎగతాళి గాదు వదినా. అన్న లేడు. నీ కొడుకు హరినాథ్‌కు లీవు దొరకదు. నడిపించే మనిషి యాడుండాడు?"

"నువ్వుండావు గదా."

"నా మోకాళ్లు సూస్తానే ఉండావు. ఈ గుమ్మం ఎక్కేదానికే గోడ పట్టుకుంటా ఉండాను."

నేను భయస్తురాలిని. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసే మనిషిని. కొడుకు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే వాకిట్లో నిలబడి రోడ్డు మలుపు చూస్తుంటాను. నా చేతుల్లోంచి పోయినవాళ్లంతా ఈ గుమ్మం దాటే పోయారు. నేను మాత్రం ఎప్పుడూ వెనక నిలబడి, మలుపు తిరిగేదాకా వాళ్ల వీపులు చూశాను. ఇక ఈ నడక కూడా అట్లాగే టెంపో ఎక్కి పోతుందని తోచింది.

"నేను నడిపిస్తాను," అన్నాను.

లోపల మా కోడలు మహిత గిన్నెలు కడుగుతున్న చప్పుడు టక్కున ఆగింది.

"చెంబెవురెత్తుతారు?" అన్నాడు దామోదరం.

"నేనే."

దామోదరం మర్యాదస్తుడు. నేల చూస్తూ అన్నాడు, "ఊరేమంటాదో ఆలోచన చెయ్ వదినా. శనివారం పొద్దున్నే బొట్టు లేని ఆడమనిషి వాకిట్లోకి వచ్చి నిలబడితే..."

"వకుళమ్మ పక్కన ఏ మగదిక్కు ఉండాది? కొడుక్కు పిల్లనడగడానికి ఒంటిగా ఆకాశరాజు గుమ్మానికి పోలేదా?"

"అది పురాణం వదినా."

"మనం పోయేది దాని ఎనకే గదా."

అతను లేచాడు. గుమ్మం దిగుతూ, "టెంపోలో నీకు ముందు సీటు పెట్టిస్తా. ఎప్పుడైనా మనసు మారితే చెప్పు," అన్నాడు. కోపంతో కాదు. అదే నాకు ఇంకా కష్టంగా తోచింది.

*

నా చదువు దామలచెరువు మామిడి మండీలో సాగింది. బేనీషా కాయలు పెట్టెల్లో సర్దుతూ, పెట్టెల మీద అచ్చేసిన షావుకార్ల పేర్లు చూసి ఒక్కొక్క అక్షరమే పట్టుకున్నాను. తర్వాత కొండ మీద కొన్న స్థలపురాణం పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివాను. నడకలో ఏ మలుపు దగ్గర ఏ కథ చెప్పాలో మా ఆయనకు ముందురోజు నేనే చెప్పి పంపేదాన్ని. నడిచింది ఆయన. నేను ఒక్కసారీ పోలేదు. పాడి ఆవులుండేవి, అత్తగారుండేది, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి.

మహిత అంగన్‌వాడీలో టీచరు. ఆ వారమంతా సాయంత్రాలు ఇద్దరం కూర్చుని దారి రాశాం.

"శుక్రవారం తెల్లారుతూ బయలుదేరితే పొద్దు గూకేటప్పటికి చంద్రగిరి. ఆణ్ణుంచి మంగాపురం. రేత్రికి ఆడే పడక," అన్నాను.

"ఆడ ఎందుకత్తా? తిరుపతికి పోతే మా పిన్నమ్మ ఇల్లుంది. ఫ్యానుంటాది."

"కొత్త దంపతులు ఆరు నెలలు కొండెక్కగూడదని అగస్త్యుడు చెబితే స్వామే ఆగిన చోటది. ఆయన ఆరు నెలలాగినాడు. మనం ఒక రేత్రి ఆగలేమా?"

"ఆరు నెలలా!" అంది మహిత. "మీ కొడుకు పెండ్లయిన మూడో దినమే డూటీకి పోయినాడు."

హరినాథ్ తిరుపతిలో బస్సు కండక్టరు. పెరటాసి వస్తే వాళ్లకు పండుగా పబ్బమూ లేవు, అన్నీ కొండ బస్సులే. ఫోనులో సంగతంతా చెప్పాను.

"అమ్మా, నా బస్సెక్కు. కిటికీ పక్క సీటు నీకే. నడకెందుకు ఈ వయసులో?"

"నీ బస్సు మంగాపురంలో రేత్రంతా ఆగుతాదా?"

నవ్వాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నిజంగా ఎత్తుతావా, నాయన చెంబు?"

"ఎత్తుతా."

"బీపీ మాత్ర మరిచిపోవద్దు," అని పెట్టేశాడు.

అన్నింటికన్నా పెద్ద కష్టం గొంతు. పెద్ద అయినవాడు గోవిందా అని పిలిస్తే వీధి చివరి ఇంటికి వినపడాలి. నేను పుట్టి బుద్ధెరిగి వీధిలో గొంతెత్తలేదు. ఎవరూ లేనప్పుడు ఆవుల కొట్టంలోకి పోయి పిలిచి చూసుకున్నాను. నల్లావు తలెత్తి చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

*

శనివారం పొద్దున తలస్నానం చేసి కూర్చుంటే మహిత నా ముఖం ఎత్తి పట్టుకుని నామం దిద్దింది. ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న నొసలు. తడి తిరుమణి సుద్ద చల్లగా తగిలేసరికి కళ్లు మూసుకున్నాను. "కదలొద్దత్తా, వంకరపోతాది," అని కసిరింది.

చెంబు ఎత్తాక నియమాలు నాలుగే. ఏ ఇల్లూ దాటిపోకూడదు. ఎవరేమిచ్చినా తీసుకోవాలి. ఇచ్చింది తిరిగి ఇవ్వకూడదు. ఇంటికొచ్చి చెంబు దించేదాకా గోవిందా అన్న మాట తప్ప ఇంకో మాట నోట్లోంచి రాకూడదు. చెంబు నిండినప్పుడల్లా ఒంపుకోవడానికి సంచి పట్టుకుని మహిత నా వెనకే వచ్చింది.

మొదటి ఇల్లు దామోదరానిదే. నా పిలుపు నాకే సరిగ్గా వినపడలేదు. అతని భార్య చేట నిండా బియ్యం తెచ్చి పోసి, చెంబుకు దండం పెట్టింది. దామోదరం వసారాలో పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పలేదు, తలా ఎత్తలేదు.

మూడో ఇంట్లో మనుషులున్నారని తెలుస్తూనే ఉంది. మూడుసార్లు పిలిచినా తలుపు తెరవలేదు. నా కాళ్లు వెనక్కి తిరగాలని చూశాయి. నాలుగోసారి పిలిచాను. ఈసారి గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఎదురింటి కుక్క లేచి నిలబడింది. తలుపు జానెడు తెరుచుకుని ఒక చెయ్యి గుప్పెడు బియ్యం పోసి లోపలికి పోయింది. ఎవరి చెయ్యో నేను చూడలేదు. చూడకపోవడమే మంచిది.

పెంచలయ్య ఇంటి ముందు అతని కోడలు నన్ను చూసి తటపటాయించింది. మా ఆయన కంటే పెద్దవాడు పెంచలయ్య, గుంపులో అందరికన్నా పాత మనిషి.

"ఎవురు మే?" అన్నాడు లోపలి నుంచి.

"దేవకమ్మవ్వ!"

"చెంబు ఎత్తుకుని వచ్చింటే దేవకమ్మ గాదు. గోవిందుడే. రెండు చేతుల్తో పొయ్యి!"

అక్కడి నుంచి నా అడుగు మారింది. ఇల్లిల్లూ తిరిగాను. ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చి వాళ్ల చిన్న చేతులతో బియ్యం పోయించారు. ఒక ముసలామె, "నా కాళ్లు గూడా నువ్వే తీసుకోనిపో కొండకు," అని ముక్కు చీదింది.

వీధి చివరి ఇల్లు చాలా ఏళ్లు తాళమేసి ఉండేది. ఆరు నెలల క్రితం అందులోకి స్టెల్లా అనే పిల్ల బాడుగకొచ్చింది. తమిళనాడులో గుడియాత్తం అమ్మాయి, పాకాల ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పోవడానికి తాళం చేత్తో పట్టుకుని బయటికొస్తోంది.

"గోవిందా!" అన్నాను.

"అవ్వా! ఏంది, ఒంట్లో బాగలేదా? మాత్రలేమైనా కావల్నా?"

"గోవిందా!"

చెంబు చూసింది. నామం చూసింది. ముఖం విప్పారింది. "ఓ, ఇదా! మా ఊర్లో గూడా వస్తారు పెరటాసికి. నేనియ్యొచ్చా అవ్వా? మేము చర్చికి పొయ్యేవాళ్లం గదా?"

జవాబు చెప్పడానికి నాకు ఒక్కటే మాట ఉంది. "గోవిందా," అని చెంబు ముందుకు చాచాను.

ఆ పిల్ల తాళం కింద పెట్టి, చేతులు కడుక్కుని, చున్నీ తల మీదికి లాక్కుని, పెద్ద గిన్నె నిండా బియ్యం తెచ్చింది. అంచు దాకా తెచ్చింది. చూస్తే ఆ బియ్యం తెల్లగా లేవు. పసుపు తిరిగి, లావుగా, అద్దంలాగా మెరుస్తున్నాయి. ఉప్పుడు బియ్యం.

వడ్లను ఒకసారి ఉడికించి, ఎండబెట్టి ఆడించిన బియ్యమవి. మేమూ ఇడ్లీలకు వాడతాం. కానీ ఒకసారి నిప్పు చూసిన బియ్యం తళిగకు పనికిరాదు. స్వామికి పచ్చి బియ్యమే. మా ఊళ్లో అయిదేళ్ల పిల్లకు కూడా తెలిసిన సంగతి.

"వద్దమ్మా" అనడానికి నోరు తెరిచాను. నియమం గుర్తొచ్చింది. "గోవిందా!" అన్నాను గాభరాగా. స్టెల్లా అది ఆశీర్వాదం అనుకుని గిన్నె మొత్తం వంపేసింది.

పర్వాలేదు, పైనే ఉన్నాయి, ఇంటికి పోయి పైపైన తీసేద్దాం అనుకున్నాను. ఇంతలో, పక్కింటామెతో మాటల్లో పడి వెనకబడ్డ మహిత వచ్చి, చూడకుండానే నా చేతిలోంచి చెంబు అందుకుంది. "గోవిందా! గోవిందా!" అని కేకపెట్టాను, తల అడ్డంగా ఊపుతూ.

"గోవిందా!" అని నాకంటే గట్టిగా పలికి, చెంబు సంచిలోకి బోర్లించి, బియ్యం సర్దుకోవడానికి సంచిని రెండుసార్లు బాగా కుదిపింది నా కోడలు.

*

చేటలో పోసేసరికి అంతా తెల్లా పసుపూ కలిసిపోయి ఉంది. వసారాలో పదిమంది దాకా చేరారు. మహిత రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. దామోదరం వంగి నాలుగు గింజలు అరచేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఆ నర్సమ్మ ఇంటికి ఎందుకు పోయినావు వదినా?"

"ఏ ఇల్లూ దాటగూడదు గదా."

"అన్నయితే ముందుగానే ఒక మాట చెప్పి పెట్టుండేవాడు." నిట్టూర్చాడు. "మొదటి అడుగే ఇట్లాయె. నేను ఎవుర్నీ తప్పు పట్టడంలే. ఈ బియ్యం కోళ్లకెయ్. ఈ ఏటికి నడక మాట మరిచిపోయి అందరం టెంపోలో పోయొద్దాం. స్వామి ఏమీ అనుకోడు."

"ఏరుదాం," అంది అతని భార్య. "అందరం కూర్చుంటే సాయంత్రానికి అయిపోతాది."

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అప్పుడే చేట చుట్టూ కూర్చోబోయారు.

ఆ ఘడియలో తలాడిస్తే చాలు. దామోదరం అన్నీ చూసుకుంటాడు, నాకు ముందు సీటు, చల్లగాలి. ఈ గుమ్మం నుంచి ఇక నడక ఉండదు, అంతే.

"ఏరొద్దండి," అన్నాను. నా గొంతు పొద్దుటి నుంచి అరిచి బొంగురుపోయింది. "ఎవురేమిచ్చినా తీసుకోవల్ల. ఇన్నేండ్లూ మనం పాటించింది ఇదే గదా? ఇచ్చింది తీసుకుని, ఇంటికొచ్చినాక నచ్చింది ఏరుకుంటే అది గోవింద బియ్యం ఎట్లయితాది? అంగట్లో సరుకైతాది."

"ఉప్పుడు బియ్యంతో తళిగ యాడన్నా ఉండాదా వదినా?"

"కుమ్మరి భీముడు మట్టిపూలతో పూజ చేసినాడు. యాడన్నా ఉండాదా మట్టిపూల పూజ? తొండమాన్ రాజు వేసిన బంగారు పూలు పక్కకు నెట్టి ఆ మట్టిపూలే పాదాల మీద పెట్టుకున్నాడు స్వామి. ఈ పొద్దుటికీ కొండ మీద గర్భగుడి గడప దాటి లోపలికి పోయేది ఓటికుండలో పెరుగన్నమే. ఆ పిల్ల చేతులు కడుక్కుని, తలమీద గుడ్డేసుకుని, ఇంట్లో ఉండేదంతా ఊడ్చి పోసింది. నేను పెరుగన్నం చేస్తాను. తినేవాళ్లు తినండి."

పెంచలయ్య గోడకు చేరగిలబడి, "నానబెట్టు దేవకమ్మా," అన్నాడు. "ఆకలవుతా ఉండాది."

పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం ఒక్క కుండలో ఉడకవు. ఇది ముద్దయ్యేటప్పటికి అది గట్టిగా ఉంటుంది. గంటసేపు నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి, సన్నటి మంట మీద కదలకుండా కూర్చున్నాను. పచ్చి బియ్యం వెన్నలా కరిగింది. ఉప్పుడు మెతుకులు దాంట్లో ముత్యాల్లా నిలిచాయి. పాలు పోసి మెదిపి, పెరుగు కలిపి, అల్లం, కరివేపాకు తాలింపు వేశాను. ఆకు మీద స్వామి ముఖం దిద్దాను. నుదుట నామం పెట్టాను. కర్పూరం వెలిగించేటప్పుడు చూస్తే దామోదరం కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

డ్యూటీ నుంచి మధ్యాహ్నం వచ్చిన స్టెల్లాను పిలుచుకు రమ్మని మహితను పంపాను. వాళ్లు వచ్చేలోపల అందరి వైపూ తిరిగి, "బియ్యం సంగతి ఆ పిల్ల చెవిన పడగూడదు," అన్నాను. తలలన్నీ ఒక్కసారిగా ఊగాయి. అది గుంపు పెద్దగా నేను చెప్పిన మొదటి మాట.

"ఎంత బాగుండాది!" అంది స్టెల్లా మొదటి ముద్దకే. "మా అమ్మ చేసేది గూడా ఇట్లనే మెతుకు మెతుకు తగులుతాది."

అందరూ ఆకుల్లోకి చూశారు. పెంచలయ్య మాత్రం తలెత్తి, "అవునమ్మా, నాకుండేది రెండు పండ్లు," అన్నాడు. "ఇన్నాళ్లకు వాటికీ పని దొరికింది."

మహిత నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తింది.

*

శుక్రవారం తెల్లవారుతుండగా మా వాకిట్లో పదకొండు మంది చేరారు. పసుపు గుడ్డలు, భుజాన సంచులు. అంగన్‌వాడీకి సెలవు పెట్టి మహితా వచ్చింది. దామోదరం ఇంట్లో దీపం వెలుగుతోంది, తలుపు మూసి ఉంది. అదే రోజు పొద్దున టెంపో కూడా పెట్టారని తెలుసు. బడి దగ్గర దాని లైట్లు కనపడుతున్నాయి.

గుంపు పెద్ద గుమ్మం దిగాక పొలిమేర రాయి దాటేదాకా వెనక్కి తిరగకూడదు. ఎవరు వస్తున్నారో, ఎవరు ఆగిపోయారో చూసుకోకూడదు. పిలుపు వేసి, జవాబు వింటూ పోవడమే.

పిలిచాను. వెనక నుంచి జవాబొచ్చింది, పలచగా. మహిత గొంతు, పెంచలయ్య గొంతు విడివిడిగా తెలుస్తున్నాయి. దామోదరం ఇల్లు దాటాను. మూడో ఇల్లు దాటాను. వాకిళ్లలో ఆడవాళ్లు చీపుర్లు పట్టుకునే చేతులు జోడించారు. స్టెల్లా తన గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. బడి దగ్గర టెంపో ఇంజను రొద చేస్తోంది, లోపల టీవీలో పాట. కిటికీల్లోకి చూడలేదు. ఎదురుగా రోడ్డు మాత్రమే చూస్తూ, ఆవుల కొట్టంలో రాని గొంతంతా తీసి పిలిచాను.

జవాబు వచ్చింది. మరో నాలుగడుగులు వేసి మళ్లీ పిలిచాను. ఈసారి జవాబు వెడల్పుగా ఉంది. నా చెవులు నన్ను మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. మూడోసారి పిలిచేటప్పటికి ఇంజను రొద ఆగిపోయింది. పాట కూడా ఆగింది. చెప్పుల చప్పుడు, ఎవరో ఎవరినో తొందరపెట్టడం, పైన పెట్టిన సంచీ ఏదో దొర్లిన శబ్దం. వెనక్కి చూడాలని మెడ నరాలు లాగాయి. పొలిమేర రాయి ఇంకా రెండు ఫర్లాంగులుంది. ఆ రెండు ఫర్లాంగులూ నేను వింటూ నడిచాను.

రాయి దాటి తిరిగాను. ఇరవై ఆరు మంది. అందరికన్నా వెనక, రెండు మోకాళ్లకూ పట్టీలు బిగించుకుని, పంచె ఎగగట్టుకుని, భార్య భుజం పట్టుకుని దామోదరం వస్తున్నాడు. అతని వెనక ఖాళీ టెంపోను నడక వేగంతో నడుపుతూ మునికుమార్, కిటికీలోంచి తల బయటపెట్టి, "సంచులిట్లా ఎయ్యండి, ఊరికే మోస్తారెందుకు!" అని అరుస్తున్నాడు.

దామోదరం రాయి దగ్గరికి వచ్చి, ఊపిరి పీల్చుకుని, నుదుటి చెమట తుడుచుకున్నాడు. నా ముఖం వైపు చూడలేదు. రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"మొదట యాడ ఆగల్ల వదినా?"

ముప్ఫై ఏళ్లూ ఈ రాయి దగ్గర తమ్ముడు ఈ మాటే అడిగేవాడని మా ఆయన చెప్పేవాడు.

"నడువు," అన్నాను. "చెప్తాను."